పేరు కొట్టేసే ముందు



 

ఈ విద్యా సదస్సుకు అధ్యక్షుడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్ల బడికి రాలేదని పంతులుకు తెలుసు. ఎందుకు రాలేదో ఆ ఇంటి గడప తొక్కిన సామాజిక కార్యకర్తకు తెలుసు. వాళ్లిద్దరూ కలిసి కూర్చోకపోతే ఆ పిల్ల ఇద్దరికీ దక్కదు.

గద్వాల ప్రాంతంలో ఏడో తరగతికి పాఠాలు చెప్పే రోజుల్లో ఒక అమ్మాయి వినాయక చవితి దాటాక రావడం మానేసింది. నెల చూసి హాజరు పట్టీలో పేరు కొట్టేశాను. కొన్నాళ్లకు ఒక కార్యకర్త నన్ను పత్తి విత్తన చేనుకు తీసుకెళ్లింది. పొద్దు గుంకుతోంది. ఆ పిల్ల బొటనవేలి గోటితో మొగ్గ ఒలిచి కేసరాలు తీసేస్తోంది. తెల్లారితే మగపూల పుప్పొడి అద్దాలి. తండ్రి తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా అదే పని. నన్ను చూసి, "సారూ, బల్లె నా పేరు ఉన్నదా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

కార్యకర్త తండ్రితో, చేను ఆసామితో మాట్లాడింది. నేను పేరు మళ్లీ రాసి, పోయిన పాఠాలు సాయంత్రాలు చెప్పాను. ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదది.

1906-07 ప్రాంతంలో అమెరికా నగరాల్లో బడి పిల్లల ఇళ్లకు వెళ్లే ఇలాంటి కార్యకర్తల వృత్తి పుట్టినప్పుడు వాళ్లను 'విజిటింగ్ టీచర్లు' అన్నారు. మన దగ్గర, శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పని పిల్లలను బడి బాట పట్టించింది. కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. శిబిరాల్లో చదువు అందించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా తమ వేదిక కట్టుకుని వాళ్లతో నడిచారు. వయసుకు తగ్గ తరగతి, ప్రత్యేక శిక్షణ 2009 నాటి విద్యాహక్కు చట్టంలో పిల్లల హక్కులయ్యాయి.

అందుకే మూడు విన్నపాలు. వారానికోసారి టీచరు, కార్యకర్త ఇద్దరూ హాజరు పట్టీ ముందేసుకుని కూర్చోవాలి. పిల్ల నమ్మి చెప్పుకున్న ఇంటి గుట్టులో, సాయానికి అవసరమైనంతే టీచరుకు చేరాలి. స్టాఫ్ రూమ్ కబురు కాకూడదు. తిరిగొచ్చిన పిల్లను "ఇన్నాళ్లూ ఏమైపోయావు?" అని తరగతి ముందు నిలబెట్టకూడదు.

మన బడుల్లో చాలావాటికి లెక్కల టీచరు పోస్టు ఉంది, గడప తొక్కే మనిషికి లేదు. ఆ పోస్టు అడుగుదాం. అది వచ్చేదాకా, ఇంటికి వెళ్లి రాకుండా ఏ పేరూ కొట్టేయబోమని ఇక్కడున్న ఉపాధ్యాయులం మాట ఇద్దాం. ఆ అమ్మాయికి అప్పుడు నేను ఇవ్వలేకపోయిన జవాబు అదే.

సదస్సు ప్రారంభమైనట్టు ప్రకటిస్తూ, సెలవు.