అక్కగారి సంతకము



సొంత ఇల్లు కొనదలచినవారు మొదట విచారించేవి రెండు: వాకిలి ఏ దిక్కున ఉన్నది, మంచినీళ్లకు కొరత లేదు గదా అని. మూడవది ధర. ఈ మూడింటికి మనసు కుదిరినదా, బయానా ఇచ్చి వస్తాము. అమ్మేవారికి ఆ ఇల్లు ఎట్లా సంక్రమించినదని అడగడానికి మాత్రము మొగమాటము. అది పెద్దమనుషులను అనుమానించడమే అవుతుందని మన భయము. నేనును అట్లా మొగమాటపడినవాడనే.

2018లో బెజవాడ సత్యనారాయణపురములో ఒక పాత డాబా ఇల్లు బేరానికి వచ్చినది. మూడు గదులు, పెరడు, పెరటిలో ఒక జామచెట్టు. అన్నదమ్ములిద్దరు అమ్ముతున్నారు. వారి తండ్రిగారు 1974లో స్వార్జితముతో స్థలము కొని కట్టించినది. ఆయన 2009లో గతించినారు, తల్లిగారు అంతకు మునుపే పోయినారు. వీలునామా లేదు. నేను సబ్ రిజిస్ట్రారు కార్యాలయము నుండి ముప్పది ఏండ్లకు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, జనవాడుకలో ఈసీ అంటారే, అది తెప్పించినాను. ఒక్క లావాదేవీ కూడ లేదు. చదువుకున్నవాడను గదా, ఇక సందేహమేమని ఏబది వేలు బయానా ఇచ్చి వచ్చినాను.

ఈసీని గురించి ఇక్కడ ఒక మాట చెప్పవలె. అది రిజిస్టరైన దస్తావేజుల పట్టిక మాత్రమే. రిజిస్టరు కాని ఒప్పందము అందులో కనబడదు. వీలునామా రిజిస్టరు కాకపోయినను చెల్లుతుంది గనుక అదీ కనబడకపోవచ్చును. కోర్టులో నడుస్తున్న దావా సంగతి సాధారణముగా దానివల్ల తెలియదు. అన్నిటికంటె ముఖ్యముగా, తండ్రి పోయినప్పుడు ఆస్తి ఎవరెవరికి దఖలు పడినదో అది చెప్పదు. వారసత్వము ఏ కార్యాలయములోను సంతకము పెట్టి వచ్చేది కాదు గదా! ఈసీలో ఏమీ లేదంటే చిక్కులేమీ లేవని అర్థము కాదు.

ఆ సంగతి నాకు తెలిసినది న్యాయవాది వల్ల కాదు. మా ఇంటావిడ పక్కింటి ముసలమ్మగారితో మాట్లాడుతుండగా ఆమె, "పెద్దమ్మాయి ఉన్నన్నాళ్లు సంక్రాంతి నెల పట్టితే ఆ వాకిట ముగ్గు చూడవలసిందేనమ్మా" అన్నదట. పెద్దమ్మాయి ఎవరు? అన్నదమ్ముల మాటలలో అటువంటి మనిషి ప్రస్తావన ఒక్కసారియైనా రాలేదు.

మరునాడు అడిగినాను. పెద్దాయన ఏమాత్రము తొట్రుపడలేదు. "మా అక్కగారండి. 1988లో నలభై వేలు కట్నమిచ్చి పెళ్లి చేసినాము. ఇక ఆమెకు ఈ ఇంటితో ఏమి సంబంధము?" అన్నారు. కట్నము ఇచ్చుటయు నేరమేనని 1961 నాటి చట్టము చెప్పుచున్నది. అయినను మన దేశములో దానిని రసీదువలె చూపించేవారు ఎందరో!

సంబంధమున్నది. హిందూ వారసత్వ చట్టము 1956లోనే వచ్చినది. వీలునామా లేకుండ తండ్రి పోతే ఆయన స్వార్జితములో కొడుకుతో సమానముగా కూతురికి పాలు కలదు. పెళ్లి అయినదా లేదా అన్న విచారణ లేదు. అయితే ఆ చట్టములోనే ఒక మెలిక ఉండెడిది: కుటుంబము కాపురమున్న ఇంటిని మగవారసులు పంచుకొనదలచినప్పుడు తప్ప, పంచిపెట్టమని అడిగే హక్కు ఆడపిల్లకు లేదు. ఆ మెలికను 2005లో తీసివేసినారు. పిత్రార్జితము సంగతి వేరు. అందులో కుమార్తెకు కుమారునితో సమానహక్కును మన రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి అమలుపరచినది. కాని అప్పటికే పెండ్లియైన వారికి వర్తింపలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది.

ఇంతకు నా బేరములో ముగ్గురు వారసులు. అన్నదమ్ములిద్దరే సంతకము చేస్తే నాకు దఖలు పడేది మూడింట రెండు పాళ్లు మాత్రమే. తక్కిన పాలు కోరి అక్కగారు దావా వేస్తే నేను చెల్లించిన పూర్తి సొమ్ము నన్ను కాపాడదు. అందుచేత అమ్మేవారి తండ్రిగారి మరణ ధృవపత్రము, తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధృవపత్రము చూడవలె. ఇరుగుపొరుగును అడగవలె. అందరును దస్తావేజులో అమ్మకందార్లుగా చేరవలె, లేదా హక్కు విడుదల పత్రము రిజిస్టరు చేయించి ఇయ్యవలె. తెల్లకాగితము మీద వ్రాయించుకొన్నది చాలదు. అసలు దస్తావేజులను కంటితో చూడవలె. జిరాక్సు ప్రతులే చూపించుచున్నారంటే అసళ్లు ఏ బ్యాంకులోనో తాకట్టున్నవేమో విచారించవలె.

కట్టుచున్న ఫ్లాటు కొనేవారికి 2016 నాటి రెరా చట్టము కొంత ఆసరా. ఆ చట్టము క్రిందికి వచ్చే కట్టడములలో, ఒప్పందము రిజిస్టరు కాకముందు ధరలో పదోవంతుకు మించి పుచ్చుకొనరాదు. జనరల్ పవర్ కాగితముతో ఇల్లు మీదైనదని ఎవరైనా చెబితే నమ్మకండి. అది అమ్మకము కాజాలదని 2011లోనే సుప్రీముకోర్టు చెప్పినది.

నా కథకు వస్తాను. ఆ అక్కగారిని చూడడానికి గుంటూరు పోయినాను. విషయమంతా విన్న పిమ్మట ఆమె, "తమ్ముళ్లు అడిగితే సంతకము పెట్టేదాన్నే. అడగనే లేదు" అన్నది. ఆ మాట నాకు మరొక విధముగా తగిలినది. అంతకు మూడేండ్ల ముందు తెనాలిలో మా నాన్నగారి ఇల్లు అమ్మినాము. నా చెల్లెలిని పిలిపించినాను, వ్రేలితో చోటు చూపించినాను, సంతకము పెట్టినది. చట్టానికి లోటు లేదు. ఆమె పాలు ఇంత అని నేను చెప్పలేదు. అమ్మ పెంచిన తులసికోట ఎవరు తీసుకుపోతారని మాత్రము ఆమె అడిగినది. ఇప్పుడు నేను ఇచ్చిన బయానా ఆ సొమ్ములోనిదే.

అన్నదమ్ములు నాలుగు నెలలు నలిగి, అక్కగారి పాలు ఇయ్యడానికి ఒప్పుకొన్నారు. రిజిస్ట్రేషను నాడు ఆమె దస్తావేజు నా చేతికిచ్చి, "కళ్లజోడు తేలేదు బాబూ, మొత్తము చదవండి" అన్నది. వెనుక వరుసలోనివారు విసుగుకొన్నారు. హద్దులతో సహా చదివినాను. అప్పుడు సంతకము పెట్టినది.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి, తెనాలి ఇంటి లెక్క చూచుకొనడానికి దసరాకు రమ్మన్నాను. వచ్చినది. బ్యాంకు వాయిదాతో పాటు ఆ బాకీని కూడ నెలనెలా తీర్చుచున్నాను.