గద్వాల పాపను నార్వే పాపతో పోల్చొచ్చా?

గద్వాల పాప ఎత్తును నార్వే పాపతో పోలిస్తే ఎట్లా, వాళ్ళు పుట్టుకతోనే పొడుగు కదా అంటారు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సరిగ్గా ఇదే చూసింది. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో తల్లిపాలు తాగి, తిండికీ వైద్యానికీ లోటు లేని పిల్లల్ని కొలిచారు. మన దగ్గర్నుంచి ఢిల్లీ పిల్లలు. అయిదేళ్ళ దాకా అందరి ఎదుగుదలా దాదాపు ఒకటే! 2006లో వచ్చిన ఆ చార్టే ఇప్పుడు మన అంగన్‌వాడీల్లో కూడా ఉంది.

ఆ లెక్కన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు దేశంలో 38 నుంచి 36 శాతానికి తగ్గితే, తెలంగాణలో 28 నుంచి 33కి పెరిగారు. మరి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్? 2016 అక్టోబర్ 11 దాకా ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. 2015-16 సర్వేలో వీటికి విడి అంకెలే లేవు. అప్పటికన్నా పెరిగింది, తగ్గింది అని ఎవరన్నా అంటే ఏ అంకెతో పోల్చారో అడగండి.

ఇంకోటి. రెండేళ్ళు నిండని పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. నిలబెడితే 0.7 సెంటీమీటర్ దాకా తక్కువొస్తది. మీ అక్క పిల్లల్ని అంగన్‌వాడీకి తీసుకెళ్తే టీచర్‌ని అడిగి చార్టులో చుక్క ఎక్కడ పడిందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వచ్చే నెల ఇంకోటి.