అఖండ దీపం వంటి దానం
(మహాకుంభాభిషేక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణోద్ధరణ పూర్తయి, విమాన శిఖరానికి కుంభాభిషేకం జరిగిన ఈ శుభవేళ, గర్భాలయంలోని అఖండ దీపాన్ని దర్శించినపుడు నాకొక ఆలోచన కలిగింది. దానిని మీ ముందుంచుతున్నాను.

దీపం వెలిగించడం క్షణకాలపు పని; ఆరకుండా కాపాడడం తరతరాల పని. మన పూర్వులు ఈ సంగతి ఎరిగినవారు. మన ప్రాచీన ఆలయ శాసనాలలో అఖండ దీపానికి గొర్రెలనో, ఆవులనో సమర్పించిన దాతలు కనిపిస్తారు. ఆ మందను స్వీకరించిన బోయ ప్రతిదినం ఆలయానికి నెయ్యి కొలిచి ఇవ్వాలి. మంద తరగకూడదు, దీపం ఆరకూడదు. మూలధనం చెక్కుచెదరక, దాని ఫలం మాత్రమే వినియోగమయ్యే ఏర్పాటు ఇది.

ఈ ధర్మం దీపంతోనే ఆగలేదు. రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపుర శాసనాన్ని అనుసరించి, గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శంభువు తనకు లభించిన భూమి రాబడిలో కొంత ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కేటాయించాడు.

నేడు అటువంటి శాశ్వత దానం మిక్కిలి అవసరమైన వ్యాధి క్యాన్సర్. కీమోథెరపీ వారాల వ్యవధితో పలుమార్లు సాగుతుంది. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు ఇస్తారు. ఆపైన ఏళ్ల తరబడి పరీక్షలు. ప్రభుత్వ పథకాలు చికిత్స వ్యయాన్ని భరించినా నగరంలో బస, తోడున్నవారి భోజనం, పోయిన కూలి కుటుంబం మీదనే పడతాయి. మా పెదతల్లి రేడియేషన్ సగంలో ఆపి ఇంటికి వచ్చేసింది. వైద్యానికి డబ్బు లేక కాదు, అక్కడ తల దాచుకోవడానికి చోటు లేక. మిగిలిన మూడు వారాల బసకు ఏ ధర్మనిధి అయినా ఉండి ఉంటే అన్న బాధ నన్ను నేటికీ వదలలేదు.

నిధి ఎంతకాలం నిలుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1931లో లేడీ మెహెర్‌బాయి టాటా లుకేమియాతో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆమె భర్త సర్ దొరాబ్జీ టాటా తన ఆస్తిని ధర్మనిధికి అర్పించారు. ఆయనా ఆ ఏడే గతించారు. అయినా ఆ నిధి నుండి 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలసింది. తరువాత అది ప్రభుత్వ సంస్థ అయింది; టాటా ట్రస్టుల సేవ మాత్రం ఆగలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో, తిరుపతిలో వారి క్యాన్సర్ ఆసుపత్రికి 2018లో శంకుస్థాపన జరిగి, 2022లో సేవలు ఆరంభమయ్యాయి. దాత గతించిన తొంభై ఏళ్లకు కూడా దానం ఫలిస్తున్నది.

అయితే ఒక హెచ్చరిక. పది లక్షల నిధికి ఏడు శాతం వడ్డీ వస్తే, ఏటికి 70,000 రూపాయలు. ధరలు ఐదు శాతం పెరిగితే, అందులో 50,000 తిరిగి మూలధనంలో కలిపితేనే నిధి విలువ నిలుస్తుంది. ఖర్చుకు మిగిలేది 20,000. మొత్తం వడ్డీ ఖర్చు చేస్తే అంకె మారదు కాని, మంద మాత్రం ఏటేటా చిక్కిపోతుంది. ఆలయం వలెనే నిధికి కూడా జీర్ణోద్ధరణ కావాలి.

కనుక నా విన్నపం ఇది. శాశ్వత పూజలకు నిధి సమర్పించే ప్రతి కుటుంబమూ రోగుల బసకు, ప్రయాణానికి, గ్రామంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలకు, నయం కాని దశలో నొప్పి ఉపశమన సేవకు కూడా కొంత సమర్పించాలి. ఏటా బ్రహ్మోత్సవాలలో ఆ నిధి లెక్కను సభాముఖంగా చదవాలి.

గుడిలో దీపం వెలుగుతున్నంత కాలం, ఈ ఊరిలో ఏ తల్లీ చికిత్స సగంలో ఆపి తిరిగి రాకూడదు. ఆ స్వామి మనకు అందుకు తగిన బుద్ధిని ప్రసాదించుగాక.

స్వస్తి.