పుండును తడిగా నుంచు పట్టీ – మన పెద్దల పసరువైద్యము



ఈ ఫలక్‌నుమా మిట్టపై వికారుల్‌ ఉమ్రా 1884లో పునాది వేయించిన మేడ పేరునకు నింగిని బోలినదని యర్థము. మేము మాత్రము నేలపై నడచు పాదమును గూర్చి మనవి చేయవచ్చితిమి.

మన పూర్వులు క్షౌరపు పొదితోపాటు పసరుమందులును మోసికొని యూరూర గడ్డలు కోసి, పుండ్లు కడిగి, కట్లు కట్టిరి. వేప, పసుపు, కలబంద వారి యౌషధశాల. ఆ గర్వముతోనే మే మొక తప్పు చేసితిమి. మా యింటి పెద్దకు మధుమేహము. పాదము మొద్దుబారి, మేకు గుచ్చుకొన్నను తెలియలేదు. పసుపుముద్ద పెట్టి యెండనిచ్చితిమి. అట్టకట్టిన ముద్దను పెరికినప్పుడెల్ల క్రొత్తచర్మము లేచివచ్చెను. లోపల చీము పట్టెను. వైద్యుని చేరునప్పటికి వ్రేలు దక్కలేదు. దోషము పసుపుది కాదు, మాది.

కప్పి తడిగా నుంచిన గాయముపై చర్మము, ఎండవిడిచిన దానిపైకంటె సుమారు రెట్టింపు వేగమున నల్లుకొనునని జార్జి వింటరు 1962లో పందులపై పరీక్షించి చూపెను. ఇందులకు తగిన పట్టీలలో హైడ్రోజెల్ యొకటి. అది తాటిముంజవంటిది: నిండ నీరున్నను కారిపోదు. పుండునకు చలువనిచ్చును; విప్పునప్పు డంటుకొనదు. చీమునీరు ధారగా కారు పుండునకు మాత్ర మిది తగదు.

ఇందు వేప, పసుపు సారములను చేర్చి క్రిముల నణచుటకు శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. పసుపులోని కుర్కుమిన్ నీట సరిగా కరగదు గాన దానిని సూక్ష్మరేణువులుగా జేసి జెల్‌లో నిముడ్చుచున్నారు. అయినను గాజుపాత్రలో క్రిములు చచ్చుట వేరు, మనుష్యుని పుండు మానుట వేరు.

పసుపుతో గాయము మాన్పుటకు అమెరికాలో 1995లో పేటెంటు నిచ్చిరి. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనామండలి ప్రాచీనగ్రంథముల సాక్ష్యము చూపగా 1997లో నది రద్దయ్యెను. వ్రాత యుండుటచేత గెలుపు గలిగెను. మన పెద్దల నోటనున్న యోగములకు వ్రాత యేది?

కావున మా విన్నపములు మూడు. మధుమేహులు ప్రతిరాత్రి పాదములు చూచుకొనవలెను. తెరచిన పుండుపై ఇంటిముద్దలు పెట్టక, శుభ్రజలముతో కడిగి, శుభ్రవస్త్రము కట్టి, వైద్యునికి చూపవలెను. వృద్ధుల యోగములను యువకులు వ్రాసికొని పరీక్షింప నేర్వవలెను. అందులకగు చదువునకు పోషకులు చేయూత నీయవలెను.

పొదిని మోసిన చేతులే రేపు ప్రయోగశాలలో పనిచేయుగాక!