ఇంజనూ పెట్టే ఒకటైన రైలు

హైటెక్ సిటీ స్టేషన్‌లో ఆగే ఎంఎంటీఎస్ రైలుకు విడిగా ఇంజను ఉండదు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. ఈ ఆలోచన ఆవిరి యుగం నాటిదే. ప్రయాణికులు తక్కువగా ఉండే దారుల్లో ఖర్చు తగ్గించడానికి ఆవిరి ఇంజనునూ పెట్టెనూ కలిపి ఒకే బండిగా చేశారు. అదే స్టీమ్ రైల్‌కార్. 1920ల్లో ఇంగ్లండు సెంటినెల్ కంపెనీ రైల్‌కార్లు శ్రీలంకలోని కేలాని లోయకు వచ్చాయి. అప్పట్లో అక్కడిది రెండున్నర అడుగుల న్యారోగేజ్. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైనూ సరిగ్గా అంతే వెడల్పు. ఆ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్‌గా మారింది. శ్రీలంక ఒక సెంటినెల్ రైల్‌కార్‌ను పదిలంగా దాచుకుంది. మన చిన్న రైళ్ల ఫోటోలనూ, టికెట్లనూ, పెద్దల జ్ఞాపకాలనూ మనమూ అలాగే కాపాడుకుందాం.