వినబడును గాని తెలియదు



మా తండ్రిగారు వృద్ధులు. పిలిచిన పలుకుదురు, వీథిలో లారీ పోయిన తలయెత్తి చూతురు. కాని ఒకనాడు మా అమ్మాయి "తాతయ్యా, సారు వచ్చారు" అని చెప్పగా, "ఈ వేళప్పుడు చారు ఎందుకమ్మా?" అని అడిగిరి. ఇంటిల్లిపాదియు నవ్వితిమి. ఆయన నవ్వలేదు. నాటినుండి నలుగురిలో మాటాడుట తగ్గించిరి. "వినబడుతున్నది గాని తెలియడం లేదురా" అని ఒకమారు నాతో అనిరి. మేము మరింత బిగ్గరగా అరచితిమి. మాటలతోనే జీవించు నాకు సైతము, అరపు దానికి మందు కాదని చాలకాలము తెలియలేదు.

ధ్వని యనగా గాలిలోని కంపనము. సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను పడుచు చెవి గ్రహించును. మాటలో అచ్చుల బలము చాలవరకు 3,000 కంపనములకు లోపలనే యుండును. సకారపు బలము 4,000కు పైన నుండును. స్త్రీల నోట, పిల్లల నోట అది ఇంకను పైకి పోవును. కనుకనే మనుమరాలి మాట తాతగారికి ముందుగా దూరమగును.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న నాళము కలదు. తారధ్వనులు దాని మొదటను, మంద్రధ్వనులు దాని కొసను గ్రహింపబడును. వయస్సువలన, యంత్రముల రొదవలన, కొన్ని మందులవలన ముందుగా చెడునవి మొదటి భాగమందలి రోమకణములు. చెడినవి మరల మొలవవు. అవి నశించినచోట ఎంత అరచినను ఫలము లేదు; అచ్చులు చెవిని పొడుచును, హల్లులు అందవు.

సాధారణ శ్రవణయంత్రము ధ్వనిని పెద్దది చేయును. అదియు చాలనిచోట వేరొక ఉపాయము కలదు: ధ్వనినే క్రిందికి దింపుట. గొంతు పైస్థాయి నందుకొనలేని గాయకుడు శ్రుతి తగ్గించుకొనును గదా! ఇచ్చట తగ్గించునది మాట మొత్తమును కాదు, పై భాగమును మాత్రమే. 2006లో డెన్మార్కు దేశపు వైడెక్స్ సంస్థ తారధ్వనులను క్రిందికి దించి, అచ్చటి ధ్వనులతో కలుపు యంత్రమును వెలువరించినది. 2008లో స్విట్జర్లాండు దేశపు ఫోనాక్ సంస్థ, ఒక హద్దుకు దిగువనున్న ధ్వనులను ముట్టక, ఎగువవానిని ఇరుకుచోటున ఒదిగించు పద్ధతిని తెచ్చినది.

ఇది అందరికిని వలసినది కాదు. ధ్వనిని పెంచిన మాత్రమున సకారము వినబడువారికి దీనితో పని లేదు. మితిమీరి దింపినచో "స", "శ" కలిసిపోవును. సంగీతము వికృతముగ తోచవచ్చును. కావున శ్రవణ నిపుణుడు పరీక్షించి యంత్రమును కుదుర్పవలెను. పిల్లల విషయమున జాగు తగదు. సకారము వినని బిడ్డకు దానిని పలుకుట అలవడుట కష్టము.

యంత్రము పెట్టిన తొలి దినములలో మా తండ్రిగారు విసుగుకొనిరి. "అందరూ శారు, శారు అంటున్నారేమిటి?" అనిరి. క్రొత్త ధ్వనికి మెదడు అలవాటుపడుటకు వారములు పట్టును. ఆ వారములలో ఇంటివారు ఎదుట కూర్చుండి, నిదానముగ, అరవక మాటాడవలెను. రేడియోను కొంతసేపు కట్టివేయవలెను. రేడియో ఉద్యోగినైన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

రెండు నెలల తరువాత ఒక సాయంకాలము మా అమ్మాయి గుమ్మము కడనుండి కేక వేసినది. లోపలినుండి ఆయన కంఠము వినబడినది: "సారు వచ్చారా? కుర్చీ వెయ్యమ్మా."