కీళ్ల నొప్పులన్నీ నీళ్ల వల్లేనా?

మాది ఆలేరు. మా దగ్గర ఒళ్లు నొప్పులంటే రెండే కారణాలు చెప్తరు. ఒకటి ఫ్లోరైడ్ నీళ్లు, రెండు ఆసు పోసుడు. చీర కోసం చేయి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే మా మండలం శారాజీపేట చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసిన్రు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మా అమ్మకు వేళ్లు వాస్తే మేమూ నీళ్లనే తిట్టుకున్నం. పొద్దున లేవంగనే గంటసేపు పిడికిలి పడకపోయేది, రెండు చేతులకూ ఒకే తీరు. నొప్పి గోలీలతోనే ఏడాది గడిపినం. తర్వాత ఎక్స్‌రే తీస్తే వేలి ఎముకల అంచులు కొరికినట్టున్నయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక మందమైతది, ఇక్కడ తరుగుతున్నది. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్.

అసలు ఏమైతదంటే, ఎముకలో రోజూ పాతది కూల్చే కణాలు, కొత్తది కట్టే కణాలు పనిచేస్తనే ఉంటయి. కూల్చేవి ఆస్టియోక్లాస్ట్‌లు. రోగనిరోధక కణాలు పుట్టే ఎముక మజ్జలోనే ఇవీ పుడతయి, దగ్గరి చుట్టాలన్నమాట. రోగనిరోధక శక్తి పొరపాటున సొంత కీలు మీద పడితే, అక్కడి కణాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తయి. కూల్చే కణాలకు అది 'ఇంకా కూల్చు' అనే కబురు. అట్ల పోయిన ఎముక మళ్లీ రావడం కష్టం. ఈ సంబంధాన్ని చదివే శాస్త్రానికి 2000లో ఆస్టియోఇమ్యునాలజీ అని పేరు పెట్టిన్రు.

దీనికి మందుంది, మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసింది. అప్పుడు క్యాన్సర్ కోసం, ఇప్పుడు తక్కువ డోసులో కీళ్లకు కూడా ఇస్తున్నరు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. కీళ్లకు ఈ మందు వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతయి, ప్రాణం మీదికొస్తది. మా ఇంట్ల డబ్బా మీద 'ఆదివారం' అని మార్కర్‌తో రాసిపెట్టినం. డాక్టర్ చెప్పిన ఫోలిక్ యాసిడ్, రక్తపరీక్షలు కూడా మానొద్దు.

మీ ఇంట్ల ఎవరికన్నా పొద్దున అరగంట దాటినా వేళ్లు ముడవరాకపోతే, వాపు వారాల తరబడి తగ్గకపోతే, రుమటాలజిస్ట్‌కు చూపించండి. మేం ఏడాది పోగొట్టినం, మీరు పోగొట్టకండి. ఇయ్యాల ఇంటికి పోయినంక అమ్మను పిడికిలి బిగించమని ఒకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.